ముగ్గురు మస్కిటీర్లు – పని ఎవరిది, పేరు ఎవరిది?



మొన్నామధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అబ్బాయి టీవీలో ఒక పాత ఇంగ్లీషు సినిమా పెట్టాడు. నేను రాత్రి కూరకని చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. మా అత్తగారు పడక్కుర్చీలో వాలి వత్తులు చేసుకుంటున్నారు. ఇద్దరికీ సినిమా మీద ధ్యాస లేదు. ఇంతలో ఠంగు ఠంగుమని కత్తుల చప్పుడు వినిపించింది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, "ఎవరే వీళ్ళు? మన కత్తి కాంతారావులా దూకుతున్నారు!" అన్నారు. ఇంకేం, చిక్కుడుకాయలు చిక్కుడుకాయల్లా, వత్తులు వత్తుల్లా ఉండిపోయాయి. గంటన్నర పైగా ముగ్గురం కదల్లేదు.

సినిమా అయ్యాక మా అబ్బాయి హుషారుగా పేర్లన్నీ అప్పజెప్పాడు. అథోస్, పోర్థోస్, అరామిస్, దార్తన్యాన్. అప్పుడు మా అత్తగారు ఒక ప్రశ్న వేశారు. "అది సరేరా, రాణీగారి పరువు పోతుందని ముందుగా కనిపెట్టి వీళ్ళను పరుగులు పెట్టించింది ఆ కుట్టుపని అమ్మాయి కదా, దాని పేరేమిటి?" వాడు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను. ఇద్దరికీ గుర్తు లేదు! సినిమా పొడుగునా ఆ పిల్ల కనిపిస్తూనే ఉంది, పేరు వినిపిస్తూనే ఉంది. అయినా మా చెవికి ఎక్కలేదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నాది మెట్రిక్‌తో ఆగిన చదువే అయినా, పుస్తకం తెప్పించుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, వంట ముగిసిన మధ్యాహ్నాలు ఓపిగ్గా చదివాను. మరుసటి ఆదివారం సినిమా రెండో భాగం కూడా చూశాను. దానికి సంబంధించిన సంగతులు కొన్ని తెలుసుకున్నాను. అవి మీతో చెప్పుకోవాలనే ఈ పూట ఈ ప్రసంగం.

సినిమా పేరు 'ది త్రీ మస్కిటీర్స్'. అంటే ముగ్గురు మస్కిటీర్లు. 1973 చివర్లో వచ్చింది. దర్శకుడు రిచర్డ్ లెస్టర్. దీనికి మూలం ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా నవల. మస్కెట్ అంటే ఆ కాలపు పొడుగు తుపాకి. అది పట్టే రాజుగారి సిపాయి మస్కిటీరు అన్నమాట. పేరుకి తుపాకి సిపాయిలే గానీ కథలో చాలావరకు కత్తులదే పెత్తనం. పేరులో ముగ్గురున్నా అసలు కథానాయకుడు నాలుగోవాడు, దార్తన్యాన్. ఆ పేరుగల సిపాయి ఒకడు నిజంగానే ఉండేవాడు. 1673లో మాస్ట్రిక్ట్ ముట్టడిలో చనిపోయాడు. సరిగ్గా మూడు వందల ఏళ్ళకి ఈ సినిమా వచ్చిందన్నమాట.

కథ 1625లో మొదలవుతుంది. ఫ్రాన్సులో పదమూడో లూయీ రాజు. పేరుకి రాజు ఆయనే గానీ రాజ్యం నడిపేది ఆయన మంత్రి, మతగురువు కూడా అయిన కార్డినల్ రిషెల్యూ. గాస్కనీ అనే పల్లె ప్రాంతం నుంచి దార్తన్యాన్ అనే కుర్రవాడు మస్కిటీరు అవుదామని పారిస్‌కి బయలుదేరతాడు. ఊరు విడిచేటప్పుడు తండ్రి ఒక ముసలి గుర్రం, కొంచెం డబ్బు, ఒక సిఫారసు ఉత్తరం ఇస్తాడు. మరి తల్లి ఏమిస్తుంది? గాయాలు మానడానికి ఒక మందు చేసే విధానం చెప్పి పంపుతుంది. నవలలో ఈ సంగతి చదివి నేను నవ్వుకున్నాను. తండ్రి ఇచ్చిన ఉత్తరం పారిస్ చేరకముందే ఎవరో కాజేస్తారు. గుర్రాన్ని కుర్రవాడే అమ్మేస్తాడు. తల్లి చెప్పిన మందు మాత్రం చివరిదాకా చేతిలో ఉంటుంది. మన ఇళ్ళల్లో జలుబుకి మిరియాల కషాయం సంగతీ ఇంతే కదండీ!

పారిస్ చేరిన రోజునే మనవాడు ముగ్గురు మస్కిటీర్లతో ఒకరి తర్వాత ఒకరితో తగువు తెచ్చుకుంటాడు. ఒకరి భుజానికి గుద్దుకున్నాడు, ఇంకొకరి అంగీలో చిక్కుకున్నాడు, మూడో ఆయన దాచుకున్న చేతిరుమాలు పదిమందిలో బయటపెట్టాడు. ముగ్గురూ ద్వంద్వయుద్ధానికి రమ్మంటారు. తీరా అక్కడ కార్డినల్ మనుషులు వచ్చి అడ్డుపడేసరికి నలుగురూ ఒకటై వాళ్ళను తరిమేస్తారు. అలా స్నేహం కుదురుతుంది.

ఇక అసలు కథ. రాజుగారు రాణీ ఆన్‌కి పన్నెండు వజ్రాల కుచ్చులు కానుకగా ఇచ్చాడు. ఆమె వాటిని తన మీద మనసుపడిన ఇంగ్లండు ప్రభువు బకింగ్‌హామ్‌కి గుర్తుగా ఇచ్చేసింది. అది తప్పా ఒప్పా అన్న మాట అలా ఉంచండి. ఈ సంగతి కార్డినల్‌కి తెలిసిపోయింది. రాజుగారి చేత పెద్ద విందు, నాట్యం ఏర్పాటు చేయించి, ఆ రోజు రాణి ఆ వజ్రాలు పెట్టుకుని రావాలని చెప్పించాడు. వజ్రాలేమో సముద్రం అవతల ఉన్నాయి. గడువు చూస్తే కొద్ది రోజులు. రాణికి నమ్మకమైన మనిషి ఒక్కరూ లేరు.

ఒక్కరున్నారు. రాణీగారి బట్టలు చూసే పరిచారిక. ఆ అమ్మాయే కాన్‌స్టాన్స్ బొనాస్యూ. ఇదిగో, పేరు చెప్పాను, మీరైనా గుర్తుపెట్టుకోండి! ఆమె ఒక చిల్లర బట్టల వ్యాపారి భార్య. ఆ వ్యాపారి ఇంట్లోనే దార్తన్యాన్ అద్దెకుంటున్నాడు. రాణీగారి దుఃఖం చూసి, మీకెందుకమ్మా నేను చూస్తాను అని ధైర్యం చెప్పింది ఈ కాన్‌స్టాన్సే. నవలలో ముందుగా తన భర్తనే వెళ్ళమని అడుగుతుంది. ఆయన అప్పటికే కార్డినల్ పంచన చేరాడు, కుదరదు పొమ్మంటాడు. పై గదిలోంచి ఈ మాటలన్నీ విన్న దార్తన్యాన్ నేను వెళతానని దిగి వస్తాడు. నలుగురు మిత్రులు, వాళ్ళ నౌకర్లు బయలుదేరతారు. దారిలో కార్డినల్ మనుషులు అడుగడుగునా అడ్డుపడి ముగ్గుర్ని నిలిపేస్తారు. దార్తన్యాన్ ఇంగ్లండు చేరేసరికి పన్నెండు కుచ్చుల్లో రెండు లేవు! మిలేడి అనే కార్డినల్ గూఢచారిణి నాట్యమాడుతూ రెండు కత్తిరించేసింది. అప్పుడు బకింగ్‌హామ్ రేవులన్నీ మూయించి, నగల పనివాణ్ణి కూర్చోబెట్టి, తేడా తెలియకుండా రెండు కొత్తవి చేయిస్తాడు. రాణి పన్నెండూ పెట్టుకుని సభలోకి వస్తుంది. కార్డినల్ చేతిలో ఉన్న రెండూ ఆయనే నవ్వుతూ ఆమెకు కానుకగా ఇచ్చుకోవలసి వస్తుంది. మొదటి భాగం ఇంతే.

ఇప్పుడు ఈ సినిమా విశేషం చెబుతాను. డ్యూమా నవలని మూకీల రోజుల నుంచీ ఎంతోమంది సినిమాలుగా తీశారు. అన్నిటిలోనూ కత్తియుద్ధాలు నాట్యంలా ఉంటాయని మనకొక అభిప్రాయం. లెస్టర్ అలా తీయలేదు. ఇందులో కత్తి చేతిలోంచి జారితే కాలితో తంతారు, దొరికిన సామాను విసురుతారు, కాలు జారి పడతారు, ఆయాసపడతారు. ఈ పోరాటాలు కూర్చినవాడు విలియం హాబ్స్. ఒక సన్నివేశం చూసి మా అత్తగారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వీరులు నలుగురి దగ్గరా చిల్లిగవ్వ లేదు, ఆకలి దంచేస్తోంది. ఒక పూటకూళ్ళ సత్రంలోకి వెళ్ళి వాళ్ళలో వాళ్ళే ఉత్తుత్తి కత్తియుద్ధం మొదలుపెడతారు. జనమంతా ఆ పోరు చూస్తుంటే రొట్టెలు, మాంసం, సారాయి సీసాలు ఒక్కొక్కటీ మాయమవుతుంటాయి. "వీరులకైనా వేళకి తిండి కావాలి, అది ఎక్కణ్ణించి వస్తుందో మాత్రం కథల్లో ఎవరూ చెప్పరు" అన్నారు అత్తగారు. ఈ సినిమాలో చెప్పారు!

ఇంకో విశేషం. రాజులు, ప్రభువులు దర్జాగా మాట్లాడుకుంటుంటే పక్కన పనివాళ్ళు ఉంటారు. పల్లకీలు మోసేవాళ్ళు, తలుపులు తీసేవాళ్ళు, బరువులెత్తేవాళ్ళు. మామూలు సినిమాల్లో వాళ్ళు బొమ్మల్లా నిలబడతారు. ఇందులో వాళ్ళు లోలోపల గొణుక్కుంటారు. జాగ్రత్తగా వింటేనే వినిపిస్తుంది. మా అబ్బాయి ఆపి ఆపి వినిపించాడు. రాజుగారు బతికి ఉన్న కుక్కలను పావులుగా పెట్టి చదరంగం ఆడే దృశ్యం ఒకటుంది. ఆ వైభవం వెనక ఎందరి చాకిరీ ఉందో దర్శకుడు మాటల్లో చెప్పకుండానే తెలియజేశాడు. స్పెయిన్ దేశంలో టొలీడో, అరన్‌హ్వెజ్ వంటి పాత పట్టణాల్లో తీశారు కాబట్టి కోటలు, రాళ్ళు పరిచిన వీధులు అట్టముక్కల సెట్టింగుల్లా ఉండవు. ఆ దుస్తులు చూస్తేనే కడుపు నిండుతుంది. ఇవాన్ బ్లేక్ అనే ఆవిడ వాటికి రూపకల్పన చేసింది. రెండో భాగం దుస్తులకి ఆవిడ పేరు, రాన్ టాల్స్కీ పేరు ఆస్కార్ బహుమతి పరిశీలనకి కూడా వెళ్ళాయి.

ఇక్కడ మీకొక ప్రశ్న రావాలి. రెండో భాగం అంటున్నావు, అసలు రెండు భాగాలెందుకు అని. అదొక కథ!

నిర్మాతలు అలెగ్జాండర్ సాల్కిండ్, ఆయన కొడుకు ఇల్యా. వాళ్ళు పెద్ద పెద్ద నటుల్ని పోగుచేశారు. దార్తన్యాన్‌గా మైకేల్ యార్క్, అథోస్‌గా ఆలివర్ రీడ్, పోర్థోస్‌గా ఫ్రాంక్ ఫిన్లే, అరామిస్‌గా రిచర్డ్ ఛాంబర్లెయిన్. కార్డినల్‌గా చార్ల్‌టన్ హెస్టన్, మిలేడిగా ఫే డనవే, రాణిగా జెరాల్డిన్ చాప్లిన్. ఆవిడ మన చార్లీ చాప్లిన్ కూతురే. కాన్‌స్టాన్స్‌గా రాకెల్ వెల్చ్. అందరూ ఒక సినిమాకి ఒప్పుకుని, ఒక సినిమాకి జీతం పుచ్చుకున్నారు. ఎండలో, చలిలో, బురదలో కష్టపడ్డారు. గాలిమర దగ్గర తీసిన పోరాటంలో ఆలివర్ రీడ్‌కి గొంతులో కత్తి గుచ్చుకుని ప్రాణం మీదికి వచ్చింది. తీరా చూస్తే తీసినదంతా కలిపి వచ్చింది ఒక సినిమా కాదు, రెండు. 1973లో 'త్రీ మస్కిటీర్స్', మరుసటి ఏడు 'ఫోర్ మస్కిటీర్స్'. టిక్కెట్లు రెండుసార్లు, జీతం ఒక్కసారి!

నటులు ఊరుకోలేదు. దావా వేశారు. చివరికి వాళ్ళకి అదనంగా కొంత డబ్బు ముట్టింది. అంతకన్నా ముఖ్యం, అప్పటినుంచి అమెరికా నటుల ఒప్పందాల్లో ఒక షరతు చేరింది. తీసేది ఒక సినిమానా, రెండా అన్నది ముందే రాతపూర్వకంగా చెప్పి తీరాలి. ఆ షరతుని సాల్కిండ్ క్లాజు అనే పిలుస్తారు. చూడండి, పనివాళ్ళ గొణుగుడుని తెరమీద వినిపించిన సినిమాకే తన పనివాళ్ళ గొణుగుడు కోర్టులో వినిపించింది.

ఈ సంగతి తెలిశాక నాకు ఆసక్తి పెరిగి నవల పుట్టుక గురించి ఆరా తీశాను. అక్కడా ఇలాంటి కథే ఎదురైంది.

'ముగ్గురు మస్కిటీర్లు' మొదట పుస్తకంగా రాలేదు. 1844 మార్చి నుంచి జూలై దాకా పారిస్‌లో 'లె సియెక్ల్' అనే దినపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మన వారపత్రికల సీరియల్ కోసం పేపరు అబ్బాయి సైకిలు గంట ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూసిన వాళ్ళకి ఆ సంబరం ఏమిటో వేరే చెప్పక్కరలేదు. సరిగ్గా గుండె ఝల్లుమనే చోట ఆపి, మిగతాది రేపు అనడం ఆనాటి ఫ్రెంచి పత్రికలకి బాగా తెలిసిన విద్య. డ్యూమా పేరు వేస్తే పత్రికలు అమ్ముడయ్యేవి. ఆయన ఒకేసారి నాలుగైదు రచనలు నడిపేవాడు. ఒక మనిషికి అది ఎలా సాధ్యం?

సాధ్యం కాదు. ఆగస్ట్ మాకే అనే ఆయన ఉండేవాడు. చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి. పాత గ్రంథాలు వెతికి, చరిత్ర పోగుచేసి, కథ మలుపులు అల్లి, మొదటి ముసాయిదా రాసి ఇచ్చేవాడు. డ్యూమా దాన్ని తీసుకుని సంభాషణలు, హాస్యం, వేగం పోసి ప్రాణం ఇచ్చేవాడు. 'ముగ్గురు మస్కిటీర్లు', 'మాంటెక్రిస్టో ప్రభువు' – రెండిటిలోనూ మాకే చేయి ఉంది. అట్టమీద మాత్రం ఒక్కటే పేరు. రెండు పేర్లు వేస్తే గిరాకీ తగ్గుతుందని పత్రికల వాళ్ళ లెక్క. మాకేకి డబ్బు ముట్టేది. తనకి పేరు అక్కర్లేదని 1845లో ఉత్తరం కూడా రాసి ఇచ్చాడు. తర్వాత డ్యూమా అప్పుల్లో కూరుకుపోయి రావలసిన డబ్బు నిలిచిపోయేసరికి మాకే కోర్టుకి వెళ్ళాడు. 1858లో తీర్పు వచ్చింది. రావలసిన డబ్బు ఇవ్వమంది, అట్టమీద పేరు మాత్రం ఇవ్వలేదు.

న్యాయంగా మాట్లాడుకోవాలి కదా. ఇద్దరి రాతలూ పక్కపక్కన పెట్టి చూసిన పండితులు చెప్పేది ఏమిటంటే, కథకి ప్రాణం డ్యూమాదే. మాకే సొంతంగా రాసిన నవలలు ఇంతగా నిలవలేదు. సరే. వంట రుచి వంటమనిషిదే, ఒప్పుకుంటాను. కానీ బియ్యంలో రాళ్ళు ఏరి, కూరలు తరిగి, పప్పు రుబ్బి అందించిన మనిషి ఆ వంటింట్లో లేదని అనగలమా?

డ్యూమాని కూడా తక్కువ చేయకూడదు. ఆయన పేరు వెనక కథ వింటే మనసు కరుగుతుంది. ఆయన తాత ఫ్రెంచి ప్రభువు. నాయనమ్మ మారీ-సెసెట్ డ్యూమా, ఇప్పుడు హైతీ అని పిలిచే ద్వీపంలో బానిసగా బతికిన నల్లజాతి స్త్రీ. వాళ్ళ కొడుకు సైన్యంలో మామూలు సిపాయిగా చేరేటప్పుడు తండ్రి వంశం పేరు వాడుకోవడం ఆ తండ్రికి నచ్చలేదు. అందుకని తల్లి పేరు పెట్టుకున్నాడు. ఆ పేరుతోనే సేనాధిపతి అయ్యాడు. ఆయన కొడుకే మన రచయిత. తండ్రి పోయేనాటికి రచయితకి నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఒంటి రంగు చూసి ఎగతాళి చేసినవాళ్ళు ఆయన జీవితంలో చాలామంది ఉన్నారు. 2002లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయన అస్థికల్ని పారిస్‌లో మహనీయులను ఉంచే పాంథియన్ భవనానికి తరలించింది. ప్రభువుగారి వంశం పేరు ఈనాడు ఎవరికీ గుర్తు లేదు. లోకమంతా పలికేది ఆ బానిస తల్లి పేరు! పేరు దక్కాల్సిన చోట దక్కడం అంటే ఇది.

ఇక రెండో భాగానికి వద్దాం. మొదటిది ఎంత నవ్వించిందో ఇది అంత బరువుగా ఉంటుంది. నవల కూడా అంతే. రాణీగారి పరువు కాపాడినందుకు నవలలో దార్తన్యాన్‌కి ఉంగరం దక్కుతుంది. కాన్‌స్టాన్స్‌కి ఏం దక్కుతుంది? కార్డినల్ మనుషులు ఎత్తుకుపోతారు. అందులో ఆమె భర్త సాయం కూడా ఉంటుంది. చివరికి ఒక మఠంలో తలదాచుకుంటుంది. పగబట్టిన మిలేడి అక్కడికి చేరి ఆమెను చంపేస్తుంది. నవలలో విషం పెట్టి, సినిమాలో జపమాలతో గొంతు బిగించి. దార్తన్యాన్ వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. మా అత్తగారు "అయ్యో, ఇంత చేసి దానికి దక్కింది ఇదా!" అని కళ్ళు తుడుచుకున్నారు.

మిలేడి దుర్మార్గురాలే. కాదనను. కానీ ఆమె చేసింది కూడా ఒక పెద్దమనిషి అప్పజెప్పిన పనే. బకింగ్‌హామ్‌ని చంపించమని పంపిన కార్డినల్ దగ్గర ఆమె ముందుజాగ్రత్తగా ఒక కాగితం రాయించుకుంటుంది. ఈ కాగితం చేతనున్నవారు ఏం చేసినా నా ఆజ్ఞ ప్రకారం, రాజ్యక్షేమం కోసం చేశారు అని దాని సారాంశం. దాని మీద పేరు లేదు. ఆ కాగితాన్ని అథోస్ లాక్కుంటాడు. తర్వాత మస్కిటీర్లే ఫిర్యాదీలు, మస్కిటీర్లే న్యాయమూర్తులు అయి, ఒక రాత్రివేళ ఆమె తల తీయిస్తారు. ఆ నేరానికి కార్డినల్ నిలదీస్తే దార్తన్యాన్ ఆమె రాయించుకున్న కాగితమే చూపించి బయటపడతాడు! కార్డినల్ ఏం చేస్తాడు? కోపగించడు. కాసేపు ఆలోచించి ఇంకో కాగితం రాసి ఇస్తాడు. మస్కిటీర్లలో లెఫ్టినెంటు ఉద్యోగం. అందులోనూ పేరు రాయవలసిన చోట ఖాళీ.

దార్తన్యాన్ ఆ కాగితం పట్టుకుని ముగ్గురు మిత్రుల దగ్గరికీ వెళతాడు. దీనికి నాకన్నా మీరే తగినవారు, మీ పేరు రాసుకోండి అంటాడు. ముగ్గురూ వద్దంటారు. చివరికి అథోస్ కలం తీసుకుని దార్తన్యాన్ పేరు రాసేస్తాడు. స్నేహానికి ఎంత గొప్ప నిదర్శనం! నాకు చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. అయినా మనసులో ఒక చిన్న ముల్లు. ఆ ఖాళీలో కాన్‌స్టాన్స్ పేరు రాయమని నేననను, ఆమె సిపాయి కాదు. కానీ ఆ పేరు ఆ గదిలో ఒక్కరికైనా నోటికి రావాలి కదా అనిపించింది.

సినిమాలోనూ ఇంతే అయిందా అంటే, పూర్తిగా కాదు. కాన్‌స్టాన్స్‌గా వేసిన రాకెల్ వెల్చ్‌ని అంతవరకూ అందరూ అందగత్తె అనేవాళ్ళు గానీ నటి అనేవాళ్ళు తక్కువ. ఇందులో ఆవిడ అడుగడుగునా తడబడుతూ, తగులుకుంటూ, పడుతూ లేస్తూ, ఎంత కంగారుపడ్డా అప్పజెప్పిన పని మాత్రం వదలని పిల్లగా నటించింది. ఆ పాత్రకి ఆవిడకి గోల్డెన్ గ్లోబ్ బహుమతి వచ్చింది. కాబట్టి ఈసారి పేరు కొంతైనా దక్కిందనుకోవాలి.

ఇంకొక మనిషి మాట చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తికాదు. దార్తన్యాన్ నౌకరు ప్లాంషే. యజమాని వీరత్వం చూపిస్తుంటే వెనక తిట్లు తింటూ, మూటలు మోస్తూ, ప్రతి చోటా నవ్వులు పూయించే లావుపాటి నౌకరు. ఆ వేషం వేసిన నటుడు రాయ్ కినియర్. 1988లో అదే దర్శకుడు, అదే నటులు కలిసి 'రిటర్న్ ఆఫ్ ది మస్కిటీర్స్' మొదలుపెట్టారు. స్పెయిన్‌లో చిత్రీకరణ జరుగుతుండగా రాయ్ కినియర్ గుర్రం మీంచి పడి, మర్నాడు ఆస్పత్రిలో ప్రాణం వదిలాడు. ఆ దుఃఖంలోంచి లెస్టర్ తేరుకోలేదు. కథాచిత్రాలు తీయడమే మానేశాడు. తెరమీద మనం నవ్వుకునే ప్రతి దూకుడు వెనకా ఒక నిజమైన ఒళ్ళు ఉంటుందని, దానికి నిజమైన దెబ్బ తగులుతుందని అప్పుడు తెలుస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్పుకొచ్చానంటే, మా బంధువుల్లో ఒక పెద్దమ్మ ఉండేది. వాళ్ళది బట్టల కొట్టు. కాన్‌స్టాన్స్ భర్తదిలాంటిదే అనుకోండి. పగలు ఇంటెడు చాకిరీ చేసి, రాత్రి పిల్లలు పడుకున్నాక కొట్టు లెక్కలన్నీ ఆవిడే రాసేది. ఎవరికి ఎంత బాకీ, ఏ రకం చీర ఏ పండక్కి ఎన్ని తెప్పించాలి, అంతా ఆవిడ వేలి కొసల మీద ఉండేది. ఇరవై ఏళ్ళు రాసింది. కొట్టు మీద బోర్డులో పెదనాన్నగారి పేరు, పక్కన "అండ్ సన్స్". కొడుకుల్లో ఒకడు ఊరు వదిలి వెళ్ళిపోయాడు, ఇంకొకడికి కూడికలు రావు. అయినా వాళ్ళిద్దరూ బోర్డు మీద ఉన్నారు. ఒకసారి నేను ఉండబట్టలేక, "పెద్దమ్మా, నీ పేరేదీ?" అని అడిగాను. నవ్వి ఊరుకుంది. తర్వాత కాసేపటికి, "పేరెందుకే నాకు, ఎప్పుడైనా ఆయన నలుగురిలో లెక్కలు మా ఆవిడే రాస్తుంది అంటే చాలు" అంది. ఆయన ఎప్పుడూ అనలేదు. చెడ్డవాడు కాదు పాపం, ఆయనకి తోచలేదంతే.

తోచకపోవడమే అసలు చిక్కు. మా అబ్బాయికి నలుగురు వీరుల పేర్లూ వచ్చి కాన్‌స్టాన్స్ పేరు రాకపోవడం కూడా అంతే. వాడి తప్పు కాదు, నాకూ రాలేదు కదా! కథలు వినేటప్పుడు కత్తి పట్టినవాణ్ణి చూడ్డం మనకు చిన్నప్పటి నుంచి అలవాటైంది. కబురు మోసినవాళ్ళను, గాయానికి మందు చెప్పినవాళ్ళను, దారిలో తిండి సమకూర్చినవాళ్ళను చూడ్డం నేర్పాలి. ఆ నేర్పడం మన ఇళ్ళల్లో, మన చేతుల్లో ఉంది.

అందుచేత నా సలహా ఒకటి వినండి. సెలవుల్లో ఈ సినిమా దొరికితే పిల్లలతో కలిసి తప్పకుండా చూడండి. మొదటి భాగం చిన్నవాళ్ళు కూడా పడి పడి నవ్వుతూ చూస్తారు. ఒకటి రెండు చోట్ల సరసం కొంచెం పాళ్ళు ఎక్కువైంది గానీ కథాప్రవాహంలో దాటిపోతుంది. రెండో భాగంలో హత్యలు, శిక్షలు ఉన్నాయి కాబట్టి హైస్కూలు పిల్లలకైతే నయం. సినిమా అయ్యాక ఎవరు గెలిచారు అని మాత్రమే అడగకండి. ఈ పని మొదలుపెట్టింది ఎవరు, మధ్యలో ఎవరెవరు చేయి వేశారు, చివరికి పేరు ఎవరికి వచ్చింది అని అడిగి చూడండి. పిల్లలు మనం అనుకున్నదానికన్నా బాగా చెబుతారు.

మా ఇంట్లో ఆ ప్రశ్న పని చేసింది. మొన్న ఇంటికి వచ్చిన చుట్టాలు మా ఆవకాయ తిని, "మీ ఇంటి ఆవకాయకి సాటి లేదండీ" అని మావారితో అన్నారు. మావారు యథాప్రకారం మీసం సవరించుకున్నారు. మా అబ్బాయి అన్నం కలుపుకుంటూ తలెత్తకుండానే, "కారం పాళ్ళు బామ్మవి, కలిపింది అమ్మ, కాయలు కొట్టింది నేను" అన్నాడు. మావారు ఒక్క క్షణం ఆగి, "అవునండోయ్, నేను తినడమే" అన్నారు. అందరం నవ్వుకున్నాం. అత్తగారు మాత్రం వాడికి ఇంకో ముద్ద నెయ్యి వేశారు.